మారు వడ్డన

రామమూర్తినగర్‌లో మా మెస్సు తలుపు తీసినాక
మధ్యాహ్నమంతా వినబడే మాట ఒకటే:
"అక్కా, మారు."
అన్నం మారు. పప్పు మారు. గోంగూర మారు.
గల్లాపెట్టె దగ్గర కూర్చోని నేను టోకెన్లు చింపుతుంటాను.
నా వంతు నాలుగు చెంచాలు,
చిన్న స్టీలు గిన్నెలో, మిక్సీకి వేసింది,
అదీ మూడు గంటలకి, అందరూ పోయినాక.

నాలుగేళ్ళ కింద నూట పద్దెనిమిది కేజీలు.
గల్లా దగ్గర స్టూలు రెండుసార్లు మార్చినాం.
ఎవరూ బలవంతపెట్టలేదు.
నేనే చీటీ పాడి, నేనే సంతకం పెట్టి,
నేనే ఆకుపచ్చ గౌను వేసుకోని పడుకున్నాను.
ఇది ముందే చెప్పాలి. లేకుంటే వినేవాళ్ళు
మొగుడి మీదికో డాక్టరు మీదికో పోతారు.

మొదటి ఏడాది బాగుండింది.
అబద్ధమెందుకు, చానా బాగుండింది.
బస్సు సీట్లో నా పక్కన ఇంకొకరికి చోటు మిగిలింది.
గాజులు మోచేతి దాకా జారితే
చిన్నపిల్ల మాదిరి మళ్ళీ మళ్ళీ జార్చి చూసుకున్నాను.

తర్వాత రాత్రులు మొదలైనాయి.
మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు,
ఇటుకల మీద మంచం, మంచం మీద మూడు దిండ్లు.
కునుకులో తల పక్కకి వాలిందా,
మండే నీళ్ళు గొంతులోకెక్కి ముక్కులోంచి దిగుతాయి.
తెల్లవారుజామున ట్యాంకరు వచ్చేసరికి
నేను గోడకి ఆనుకోని ఉంటాను.
దానిది నిండు కడుపు. వంచేసి, హాయిగా పోతుంది.
ఇంత కక్కినా, పోయిన కేజీల్లో తొమ్మిది
దారి కనుక్కోని తిరిగొచ్చినాయి.

మొన్న హెబ్బాళలో కొత్త డాక్టరమ్మ
మందుల చీటీ వెనక బొమ్మ గీసింది.
సొరకాయంత సంచి, అది దేవుడిచ్చింది.
అరటికాయ, అది మొదటి ఆపరేషను.
ఆ అరటికాయ నడుమ నొక్కుకుపోయిందంట,
పైకొన ఎదలోకి జారిందంట.
ఇప్పుడు దాన్ని కోసి, కోడిగుడ్డంత ఉంచి,
కింది పేగుని పైకి లాగి అతికిస్తారంట.
"నా లోపల పెద్ద సంతే ఉంది" అంటే నవ్వింది.
నవ్వి, కుట్టు కారితే ఏమవుతుందో కూడా చెప్పింది.
పాత మచ్చల మధ్య కత్తికి దారి సులువు కాదనింది.
చేదు చాలామటుకు తగ్గుతుందనింది.
'చాలామటుకు' దగ్గర నేను ఆగిపోయినాను,
ఆమె ఆగలేదు.
"యోచనె మాడి" అనింది చివరికి.

చేస్తున్నాను.
నాగవార సిగ్నలు దగ్గర బస్సు నలభై నిమిషాలు నిలబడితే
నలభై నిమిషాలూ చేసినాను.
మా వదిన ఫక్కీరమ్మ ఫోనులోనే తేల్చేసింది:
"తిన్నది అరక్క చేయించుకుంటివి,
ఇప్పుడు తినేదానికే లేకపాయె."
ఓబుళపతి పోపు మీద నుంచి కళ్ళెత్తకుండా
"నీ కడుపు, నీ ఇష్టం" అన్నాడు.
ఆవాలు చిటపటలాడి చల్లబడినాక
నా గిన్నెలోకి కారం లేని చారు పోసినాడు,
నాలుగేళ్ళుగా విడిగా కాస్తున్న చారు,
ఒక్కసారీ ఆ మాట ఎత్తకుండా.

పాత చీటీ ఇంకా ఏడు కంతులుంది.
అది కూడా ఒక లెక్కే. కానీ నన్ను మేలుకోబెట్టేది అది కాదు.
బాగైన కొత్తలో అద్దం ముందు నేను నవ్విన నవ్వు,
దాన్ని మళ్ళీ నమ్మాలంటే భయం.
వెల్లకిలా, దిండు లేకుండా,
ఒక్క రాత్రి పడుకోవాలనుంది.
ఇంత చిన్న కోరికకి అంత పెద్ద కత్తా?

ఈ పొద్దు ఒక పిల్లోడు, మెస్సుకి కొత్త,
ఆకు మడిచేసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.
మెల్లగా ఆకు విప్పి
"అక్కా, మారు దొరుకుతుందా?" అన్నాడు.
వడ్డించే నరసోజి పగలబడి నవ్వినాడు,
మడిచిన ఆకు విప్పుతారా ఎవరన్నా అని.
వెయ్యమన్నాను.
గల్లాపెట్టెలో చిల్లర కింద బొమ్మ గీసిన చీటీ.
పిల్లోడు ముద్ద మింగినప్పుడల్లా
వాడి గొంతు కదలడం చూస్తా
ముగ్గురి టోకెన్లు చింపడం మరిచిపోయినాను.