నాలుగు చప్పుళ్లు

గన్‌ఫౌండ్రీల ఇప్పుడు ఫిరంగులు పోస్తలేరు.
బ్యాంకు ఎనక సందుల
యావర్ ఉస్తాద్ దుకాణం ఒక్కటే
ఆ పేరు బాకీ కొంచెం కొంచెం తీర్చేది.
నేనక్కడ ఆకురాయి పట్టేటోణ్ణి.
పదిహేడేండ్లు. గోళ్ల సందుల నూనె నలుపు,
బువ్వ ముద్దకు గూడ ఇనుము వాసన.

డాక్టర్ మురహరిరావు
లైసెన్సు కాయితం ముందు పెట్టి
అటెన్క పసుపు గుడ్డ మూట విప్పిండు.
పశువుల డాక్టరు. మలక్‌పేట రేసు గుర్రాలు
ఆయన అడుగుల సప్పుడు గుర్తుపడ్తయట.
మూటల ఆరు గదుల పాత రివాల్వరు,
తాత కొన్నది.
పిడికి నల్లచేవ చెక్క తొడిగింది మా ఉస్తాదే.

దాని తూటాలు ఇప్పుడు ఎవ్వరు చేస్తలేరు.
నిరుడు ఎలక్షన్లకు ఠాణాల జమ చేస్తే
రసీదు మీద రాసిండ్రు: తూటాలు అయిదు.
ఇప్పుడు బిస్కెట్ డబ్బాల నాలుగున్నయి.
ఉస్తాద్ చూసిండు. అడగలె.

ఈ రకం తుపాకికి తొందర తెల్వదు.
ఒక్కో గుండుకు ఒక్కోసారి
బొటనేలుతోని గుర్రాన్ని ఎనకకు గుంజాలె.
గుంజుతుంటె నాలుగు చప్పుళ్లు,
పాత ఇంట్ల ఎవరో చీకట్ల మెట్లు దిగినట్టు.
రెండో మెట్టు కాడ ఆగొచ్చు.
నాలుగోది దిగినంక
ఏలుకు, లోకానికి నడుమ ఇగ ఏముండదు.

వచ్చెటోళ్లందరు ఒకటే అడిగేటోళ్లు.
షామీర్‌పేట ఫామ్‌హౌస్ సేటు,
షేర్వానీల చెయ్యి పెట్టుకొని నిలబడే నవాబు మనుమడు,
అందరిది అదే మాట:
మెత్తగ చెయ్యి ఉస్తాద్, వెన్నల ఏలు పెట్టినట్టుండాలె.

డాక్టరు అన్నడు:
"దీన్ని బరువు చెయ్యి."

ఉస్తాద్ కండ్లద్దాలు తీసిండు.

"గుర్రం గుంజుతుంటె బొటనేలు నొయ్యాలె.
చాతగాక విడిచిపెట్టాలె."

ఆయన మాతోని చెప్తలేడు,
మూలకున్న లేత్ మిషన్‌తోని చెప్తున్నడు:

"రేసు బుక్కుల దాని పేరు ఇంకేదో ఉండె.
సయీసు జంగయ్య మల్లి అనేటోడు, మేం గూడ మల్లే అంటిమి.
ఆఖరి మలుపు, బురద, ముందటి కాలు.
సూదిమందు తెచ్చెటోడు
చాదర్‌ఘాట్ బ్రిడ్జి కాడ నీళ్లల్ల ఇరుక్కున్నడు.
నా తాన మిగిలింది ఈ మందే.
గుంజిన.
చెవులు నిక్కించింది. నాలుగు చప్పుళ్లు ఇన్నది.
దాణా డబ్బా మూత అనుకున్నదేమో,
నా దిక్కు మెడ చాపింది.

జంగయ్య అంటున్నడు:
జర ఆగుండ్రి సారు, దువ్వెన తెస్త, జూలు దువ్వుత.
నేను ఆగలె.
మస్తు తేలిగ్గుండె ఉస్తాద్.
గంత తేలిగ్గ ఉండొద్దు."

వాన సప్పుడు కొద్దిసేపు దుకాణం నడిపింది.

ఉస్తాద్ పాత ఫియట్ కారు కమాను పట్టీ తెచ్చి
సన్నపు బద్ద కోసిండు.
నన్ను రుద్దమన్నడు. రుద్దిన. ఇంక పల్చన చెయ్యబోతె
చెయ్యి పట్టుకున్నడు.
జిందగీల మొదటిసారి
ఇనుము ఇనుము లెక్కనే ఉండాలె అని చెప్పిండు.

మూడొద్దులకు బిగించి నా చేతికిచ్చిండు, ఖాళీ తుపాకి.
గుంజిన.
ఒకటి.
రెండు.
మూడో దాని కాడ ఏలు జారింది,
తోలు మీద గుర్రం గీతలు పడ్డయి.
ఉస్తాద్ నవ్వలె. బస్, అన్నడు.

డాక్టరు పరీక్ష చెయ్యనే లేదు.
మూట కట్టి, పైసలు లెక్కపెట్టి,
గడప దిగబోయి మల్ల ఎనకకు తిరిగి
నన్ను అడిగిండు:
"జంగయ్యది ఏ ఊరో నీకేమన్న ఎరికనా?
పని మానేసి పోయిండు, పగారం గూడ తీసుకోలె."

నాకెట్ల ఎరుక.
నాకు ఆ పొద్దు బొటనేలు నొస్తుండె.
రాత్రి బువ్వ కలుపుతుంటె
ఉప్పు తాకి చురుక్కుమన్నది.