పట్టేవాడి వేళ్ళు

రాత్రి పన్నెండు దాటినాక
లాడ్జి గేటుకి గొలుసేసి
సెల్లుఫోన్ని నీళ్ళ బాటిలుకి ఆనించి
బంతాట చూస్తా.

క్రికెట్టు గాదబ్బా, వేరేది.
కట్టె గుండ్రంగా వుంటాది, రోకలి మాదిరి.
ఆటగూడా గాదు, ఆడినోళ్ళ కత.
ఎప్పుడో పోయినోళ్ళు,
నలుపూ తెలుపూ బొమ్మల్లో గబగబా నడుస్తారు,
మింద వాన పడినట్టు గీతలు.
వెనకాల ఎవురో బొంగురు గొంతుతో
హరికత దాసు మాదిరి నిదానంగా చెప్తా వుంటాడు.
ఆ మాటలు నాకు రావు.

డిగ్రీ చదివే మేనల్లుడు హేమాద్రి
ఒకరోజు పక్కన కూచోని చెప్పినాడు:
"మామా, ఈయన పదిసార్లలో
మూడుసార్లు కొట్టినాడంట.
అందుకే విగ్రహం పెట్టినారు."
మిగతా ఏడు?
"తప్పిపోయినాయి."
ఏడు తప్పితే విగ్రహమా!
చానాసేపు నవ్వినా.
ఆనెక నవ్వలేకపోయినా.

ఎందుకంటే రేణిగుంట రోడ్డులో ఈ లాడ్జి,
కొండకి పొయ్యే జనం పడుకునే ఈ నాలుగంతస్తులూ
నా చేతుల్లోంచే పోయినాయి.
కింద చెంగల్రాయుడు, పైన సారవ మింద నేను.
వాడు ఇటికెలు జతజతగా విసిరేవాడు, పైకి చూడకుండా.
నడుం వంచి, మణికట్టు ఒక్క తిప్పు.
జత విడిపోకుండా నిటారుగా లేసి
నా కాడికొచ్చేసరికి
ఇటికె తన బరువు మర్చిపొయ్యేది.
పైకొచ్చిన వస్తువు ఒక్క రెప్పపాటు
అటూ పోదు, ఇటూ పోదు.
అప్పుడు తీసుకోవల్ల.
ముందు తీసుకుంటే గుద్దుతాది,
ఆలస్యమైతే వాడి నెత్తికే పోతాది.

వెయ్యికి ఒకటి జారితే
మేస్త్రీ గురవారెడ్డి కూలిలో పట్టుకునేవాడు.
పదికి ఏడు గాదు. వెయ్యికి ఒకటి.
మా లెక్క ఎవురూ రాయలే.
రాసింది ఇటికెల లెక్క,
అదీ బట్టీవోడికి బాకీ.

మొన్న ఒక కతలో
ముసలాయన కుర్చీలో కూచోనుండాడు.
ఆయన కొట్టేవాడు గాదు, విసిరేవాడు గాదు.
మొగానికి ఇనప జల్లెడ కట్టుకోని
గొంతుక్కూచోని పట్టేవాడు.
ఏదో అడిగినారు.
గమ్మున చెయ్యెత్తి కెమెరా ముందర పెట్టినాడు.
అయిదువేళ్ళూ అయిదు దిక్కులకి.

నేను బొమ్మ ఆపి
నా కుడిచెయ్యి దాని పక్కన పెట్టినా.
చూపుడువేలు రెండో కణుపుకాడ పక్కకి చూస్తాది.
మూడో అంతస్తు, ఆషాఢం గాలి,
ఆ పొద్దు చెంగల్రాయుడికి జొరం. చెప్పలే.
ఇటికె తిరుక్కుంటా వచ్చింది.
పుత్తూరుకి పోయి కట్టు కట్టించుకున్నా.
ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు.
మూడు కట్లకి రమ్మన్నారు, రెండిటికే పోయినా.
బస్సుచార్జీ లేక గాదు.
పని మళ్ళా మొదలైంది,
వాడు ఇంగొకడికి విసరతా వుంటాడేమో అని.

ఇది ఏ కెమెరావోడికి చెప్తే అర్థమైతాది.

ఇప్పుడు వాడు యాడుండాడో.
కాళాస్తి దగ్గిర బట్టీలో అన్నారొకరు,
నగిరి మగ్గాలకాడ అన్నారింగొకరు.
నెంబరు కొడితే
ఎవురో ఆడమనిషి అరవంలో తిట్టింది.
చానాసేపు తిట్టింది పాపం,
నేనూ పెట్టెయ్యకుండా విన్నా.

ఈ రాత్రి మూడింటికి
రెండొందల నాలుగులోని సామి రైలుకని దిగినాడు.
గుండుకి పూసిన గందం ఎండి పగుళ్ళిచ్చింది.
అదే గడియకి తెరమీద
విసిరేవాడు విసిరినాడు,
బంతి సగందారిలో వుండంగా నెట్టు పోయింది.
తెల్ల చక్రం తిరగతా వుండాది.
బంతి గాల్లోనే.

"ఏం మ్యాచి? ఎవురు గెలిచినారు?" అన్నాడు సామి.
"ఇంగా రాలేదు సామీ" అన్నా.

గొలుసు తీసేదానికి ఎడమచెయ్యి పోయింది.
కుడిచెయ్యి రొమ్ముకాడే ఆగిపోయింది,
అరచెయ్యి తెరుచుకోని,
ఇటికె బరువు మర్చిపొయ్యే ఎత్తులో.