కారణం గడి

జీడిమెట్ల. టైమాఫీసు కిటికీకి అద్దం లేదు, అట్టముక్క ఉంది.
పదకొండున్నరకి రెండో నంబరు ప్రెస్సు ఆగిపోయింది.
ఆ ఆగడమే మొదట వినబడింది నాకు,
అరుపు తర్వాత.

ఐలేష్. కుడిచెయ్యి. చూపుడువేలు, దాని పక్కది.
ఎవరిదో తువ్వాల చుట్టి ఆటో ఎక్కించారు.
సనత్‌నగర్ వద్దన్నాడు ఓనరు.
"ఈఎస్సైకి పోతే కాగితాలడుగుతరు.
షాపూర్‌నగర్‌ల మనకు తెల్సిన డాక్టరున్నడు."

సాయంత్రం వచ్చి నా బల్లమీద చెయ్యి ఆనించాడు.
అయిదు వేళ్లూ సమానంగా ఉండవంటారు.
ఉన్నాయి కదా, అయిదూ.
"రాయి గజానందం. కారణం దగ్గర, కార్మికుని అజాగ్రత్త.
చేరిన తేదీ దగ్గర, నిన్న."

నిన్న!
పదకొండు నెలలుగా అతని జీతంలోంచి
నెలకి నూట అయిదు రూపాయలు కోసింది ఈ పెన్నే.
దానికి కంపెనీ కలపాల్సింది నాలుగొందల యాభై అయిదు.
కలపలేదు. కోసిందీ కట్టలేదు.
నాకు తెలుసు. చలాన్ల ఫైలు నా బీరువాలోనే ఉంది,
కొన్ననాటి దారం ముడితో.

ప్రెస్సుకి ఒక జాలీ ఉండేది, చెయ్యి లోపలికి పోకుండా.
గంటకి నలభై పీసులు తగ్గుతున్నాయని విప్పించారు.
ఇప్పుడది స్టోరు మూలన ఉంది.
వాచ్‌మన్ దానిమీద టిఫిన్ డబ్బా ఆరబెట్టుకుంటాడు.
అజాగ్రత్తంటే అదేనా సారూ, అని అడగబోయాను.
ఇంటి కిరాయి గుర్తొచ్చింది.
ప్రమాదాన్ని ఇరవై నాలుగు గంటల్లో తెలపాలని
గోడమీద తెలుగులోనే ఉంది, ఫ్రేము కట్టించి,
క్యాలెండరు వెనక.

రాత్రి ఏడు. అందరూ పోయాక
గేటు దగ్గర హాజరు మిషను పచ్చగా మిణుకుతోంది.
దాంట్లో ఐలేష్ వేలుంది.
రేకుల తుక్కులో పడ్డది కాదు.
చేరిన రోజున మూడుసార్లు ఒత్తించి నేను ఎక్కించింది.
గీతలన్నీ అట్లాగే ఉన్నాయి.
రోజూ ఎనిమిదికి రెండు నిమిషాల ముందే వచ్చి
ఉన్నానని చెప్పిన వేలు.

పెన్‌డ్రైవ్‌లోకి తీశాను. పదకొండు నెలలు.
ఇంత బతుకు ఇంత చిన్న ఫైలా అనిపించింది.

ఇరవై నాలుగు గంటల్లో ఏడున్నర అయిపోయాయి.
రిజిస్టరు తెరిచి, కారణం గడిలో
"జాలీ విప్పించారు" అని రాశాను.
అక్షరాలు వంకర పోయాయి.
కొట్టేసి బాగా రాద్దామనుకున్నాను, కొట్టేస్తే మళ్లీ రాయనేమోనని
అట్లాగే మూసేశాను.

రేప్పొద్దున నా వేలు
ఆ మిషను ఒప్పుకుంటుందో లేదో.