క్యాబేజీ నీళ్లు

ఫిబ్రవరిలో నారిన్ పిల్లలం
రంగుల గొట్టాలు కోటు లోపల దాచుకుని బడికొస్తాం,
లేకపోతే దారిలోనే గడ్డకడతాయి.
ఆ ఏడు అసలు రంగులే రాలేదు.
నూర్జాత్ ఎజే ఒక ఊదా క్యాబేజీ తెచ్చి
తరిగి, బొగ్గుపొయ్యి మీద ఉడకేసింది.
గదంతా ఎవరింట్లోనో చారు కాగుతున్న వాసన.
"ఇది సైన్సా, డ్రాయింగా?" ఎల్దియార్ అడిగాడు.
"గంట కొట్టేలోగా నువ్వే చెప్పు" అంది.

కురుత్ ఉండ నానిన పుల్లటి నీళ్లు పోస్తే గులాబీ.
పిడకల బూడిద తేట పోస్తే పచ్చ.
ఏమీ పోయకపోతే
పొద్దు వాలాక కొండకుండే రంగు.
ముగ్గురికో కుంచె. గుర్రాలు వేశాం,
గులాబీ గుర్రాలు, వాటి కింద పచ్చటి మంచు.

సైకాల్‌కి కుంచె అందలేదు, చేతులే ముంచింది.
తర్వాత సబ్బుతో కడిగితే
నీలం పోలేదు, పచ్చబడింది.
ఇంకా రుద్దింది. ఇంకా పచ్చబడింది.
సబ్బులో ఏముందో పొద్దున్నే చదివాం మేం,
అయినా ఎవరికీ గుర్తు రాలేదు.
అందరికీ నవ్వొచ్చింది.

ఫోటో తీసింది ఎల్దియార్.
"కప్ప చేతులు, తాకితే పులిపిర్లు" అని రాసిందీ వాడే.
నేనేం రాయలేదు.
కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వే పసుపు మొహం ఉంటుందే,
అది ఒకటి నొక్కాను. ఒక్కటే.
నాలా ఒక్కటే నొక్కినవాళ్లు
రాత్రి పన్నెండుకి నూట నలభై మంది.
తెల్లారేసరికి ఓష్ నుంచి వాళ్ల పిన్ని ఫోన్ చేసింది:
"ఈ చేతులు మన పిల్లవి కావు కదా?"

ఎల్దియార్ ఫోటో చెరిపేశాడు.
"చెరిపేశాను కదా ఎజే" అన్నాడు,
అప్పు తీర్చినవాడిలా.

ఎజే ఏమీ అనలేదు.
గాజుగ్లాసులో క్యాబేజీ నీళ్లు పోసి
చెంచాడు వంటసోడా వేసింది. పచ్చ.
"నీలం వెనక్కి తే."
వాడికి తెలుసు, వెనిగర్ సీసా అందుకున్నాడు.
పోశాడు. బుస్సుమని పొంగింది.
ఇంకా పోశాడు. అంచు దాటి, బల్ల దాటి,
నా నోట్సు మీద గుర్రాల దాకా వచ్చింది.
చివరికి నీలమే తేలింది, నిజమే.
కానీ గ్లాసు అంచులదాకా నిండి ఉంది.
రంగు పల్చబడి ఉంది.
బల్ల మీద మరక.
"తుడవండి" అంది ఎజే, "గంటైంది."
ఎవరూ లేవలేదు.
నేను నా చొక్కా చేతితో తుడిచాను,
మరక సగం నాకు అంటుకుంది.

వారం తర్వాత షిర్దక్ పాఠం.
ఎర్ర ఉన్నిపొర, బూడిద ఉన్నిపొర ఒకదానిమీదొకటి పరిచి
ఒకే కత్తెరతో రెండూ కోయాలి;
ఎర్రలోంచి తీసిన కొమ్ము బూడిద కంతలో కూర్చుంటుంది,
బూడిద కొమ్ము ఎర్రలో.
ముక్క వృథా పోదు. తప్పు కోస్తే రెండింట్లోనూ తప్పే.
అందరం పొట్టేలు కొమ్ములు గీశాం.
సైకాల్ మాత్రం తన అరచెయ్యి పెట్టి
చుట్టూ సుద్దతో గీసింది.
కత్తెర నా చేతికిచ్చింది.
ఎందుకు నాకో అడగలేదు.
చిటికెన వేలి దగ్గర నా చెయ్యి వణికింది;
ఇప్పటికీ ఆ రెండు చేతుల్లోనూ
చిటికెన వేలు కాస్త వంకరే.

కుట్టడం అయ్యాక గోడకి వేలాడదీశాం.
జేబులోంచి ఫోన్ తీసి,
మళ్లీ ఆగి,
"తీయనా?" అన్నాను.
"వద్దు" అంది.
అందుకే మీకు చూపించడానికి నా దగ్గర ఫోటో లేదు.

ఈ కవిత రాశాక కూడా అడిగాను.
రెండు రోజులు చదివింది, జవాబివ్వలేదు.
మూడో రోజు, పేరు మార్చమంది. మార్చాను.
పిన్ని ఊరు మార్చమంది. మార్చాను.
చేతులు?
చేతులు ఉండనీ అంది,
ఆ పచ్చ రంగుతోనే.