ముప్పావు అంగుళం

వయసు మీదపడి విరిగింది, అన్నాను.
అబద్ధం. లోపలి రబ్బరు తిత్తి
ఏనాడో రాయైపోయింది.
రాయిని నొక్కమంటే మీట ఏం చేస్తుంది?
ఎవరో గోరు దూర్చి, పళ్ళు బిగించి లాగారు.

హెర్మీనా ఓల్ట్‌మన్స్ తలెత్తలేదు.
గొడుగు నీళ్ళు నా నేల మీద కారుతున్నాయి.
"నేనే," అంది. "పోయిన మంగళవారం."

ఫోర్ట్ మాడిసన్‌లో మార్చి నెల.
కిటికీ అవతల మిసిసిపీ
మంచు పలకల్ని దొంగిలించిన తలుపుల్లా మోసుకుపోతోంది.
గూడ్సుబండి వెళ్తే బల్లమీద స్ప్రింగులన్నీ
ఒకసారి లేచి కూచుంటాయి.
అది దాటేదాకా చేతులు కట్టుకోవాలి.
ఈ పనిలో మొదటి పాఠం అదే.

వేడిగాలికి పెన్ను మెడ తిప్పితిప్పి చూపించాను.
ఎబొనైటు గంధకం వాసన కొట్టింది,
పక్కగదిలో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టు.
తొందరపడ్డామా, చిట్లుతుంది.
వదిలింది.
తిత్తి బొగ్గు పెంకులై కాగితం మీద రాలింది.
చచ్చిన పెన్నుల సొరుగులో
దీని ఈడుదే ఓ మీట దొరికింది,
బంగారుపూత సగం పోయి, ఇత్తడి నవ్వుతూ.
ఇరుసు సూదిమొనంత. మూడుసార్లు జారింది.
మూడోసారి నా చొక్కా మడతలో కనిపించింది.

కొత్త తిత్తికి పౌడరు, పసిబిడ్డకు అద్దినట్టు.
అంచుకి లక్క.
ఎక్కడి కొమ్మమీది పురుగో,
ఇక్కడ అయోవాలో సిరాకి కాపలా.
అంటుకోవడం తెలిసిన లక్కకి
వేడి తగిలితే వదలడమూ తెలుసు.
రేపు ఇంకెవరైనా విప్పాలి కదా,
నేను లేనప్పుడు.

తెల్లారి మీట ఎత్తితే
సీసాలో బుడగలు, నాలుగో ఐదో.
వదిలి, పదిదాకా లెక్కపెట్టాను.
తిత్తి గుటకేసింది.

"ఏదైనా రాసి చూడండి."
అందరూ సంతకమే చేస్తారు.
ఆమె సంచిలోంచి అట్ట ఊడిన లెక్కల పుస్తకం తీసింది.
నలభై ఏళ్ళ వాన, ఒకే దస్తూరీలో,
పోయిన సోమవారం దాకా.

అప్పుడు గుర్తొచ్చింది నాకు,
పాళీ నుంచి మెడదాకా మాత్రమే ఉన్న ఆ నీలి మరక.
"ఆయన మీట ముట్టుకునేవాడు కాదమ్మా.
ముంచుకుని రాసేవాడు."

"నాకు చెప్పలేదు,"
అంది, కోపంగానే.
తర్వాత మధ్య రోజులకి గీతలు ఖాళీగా వదిలి,
కళ్ళద్దాలు పైకి తోసుకుని రాసింది:
నిన్న రాత్రి, ముప్పావు అంగుళం.
ఊది ఆరబెట్టింది.
"మీట కొంచెం బిగుతుగా ఉంది."