కాటా

థెట్‌ఫర్డ్, అద్దె గ్యారేజీ, నవంబరు.
వెనక సీటు ఊడబెరికాను. పదిహేడు కిలోలు.
బాత్రూమ్ కాటా మీద తూచి
గోడకి సుద్దతో ఎక్కించాను.
కార్పెట్టు, హీటరు, పాటలపెట్టె.
స్పేరు టైరు గుంటలో మాత్రం
ఎప్పుడో పులిహోర ఒలికిన నాటి నాలుగు ఆవాలు.
ముల్లు కదల్లేదు.

లోపల ఇనప పంజరం అతుకుతూ క్లైవ్ గొణిగాడు:
"ఇంక దీంట్లో సరుకులు తేలేవు, శర్వా."
తేను.

ఆఖర్న నేనే కాటా ఎక్కాను.
ఆ అంకె సుద్దకి చెప్పలేదు.

ఏడేళ్లు ముప్పై మైళ్లు దాటకుండా
బడి ముందు మర్యాదగా పాకిన బండి
ఇప్పుడు రోడ్డుకి పనికిరాదట.
ట్రైలరెక్కి, పట్టీలు బిగించుకుని, స్నెటర్టన్‌కి ప్రయాణం.

మొదటి మలుపులో బ్రేకు ఆలస్యంగా తొక్కాను,
కడుపు వెనకే ఉండిపోయింది.
మూడు మైళ్లు తిప్పి
ట్రాకు నన్ను బయల్దేరిన చోటే దింపింది.
మళ్లీ వెళ్లాను.