పడావు

పొద్దున ఎనిమిదిన్నరకు మగ సాళ్లల్ల పూలు తెంపి
ఒడి నింపుకుంటం.
ఒక్క మగ పువ్వు నాలుగు ఆడపూలకు,
పుప్పొడి బాగుంటే ఐదింటికి.
నిన్న సాయంత్రం మొగ్గ చీల్చి, పుప్పొడి కాడలు గిల్లి
ఎర్ర కాగితం తొడిగి పెట్టినవే అవి.
కాగితం తీసి రుద్దాలె.
గట్టిగ రుద్దితే పిందె రాలుతది,
మెల్లగ రుద్దితే గింజ కట్టదు.
ఎంత ఒత్తాల్నో వేలికి తెలుసు.

దీన్ని క్రాసింగ్ అంటరు, మా నడిగడ్డల.
గట్టు మీద కూసోని సవారన్న మామ అడిగిండు ఒకసారి:
"ఏం ఉరుకుందమ్మా, రెక్కలు యాడ ఇడిసి వచ్చినవ్?"

ఆయన తేనె పట్టేటోడు.
ఊరికి పడమర, గుట్ట కింద నలభై ఎకరాలు.
పహాణీల ఏండ్ల సంది ఒకటే మాట, పడావు.
అంటే అండ్ల ఏమీ లేదని.
ఆ ఏమీ లేనిదాన్నే కరువు ఏడు మా అవ్వ
బలుసాకు చేసి వండి పెట్టింది.
రేణిపండ్లకు పోయి నేను
ముల్లు ఇరిగిన కాలుతోని వచ్చిన.
కౌజుపిట్ట పిల్లలను ఎంటేసుకొని అడ్డం ఉరికేది.
వాన పడితే ఆ నేల గడగడ తాగి
ఎండకాలం దాకా దాచి
మా చేదబావికి చెంబెడు చెంబెడు వంచేది.
సవారన్న పట్టు కోస్తే సగమే కోసేటోడు.
"పిల్లలు తినాలె గదా" అనేటోడు,
ఎవరి పిల్లలో చెప్పకపోయేది.

జేసీబీ వచ్చినంక
పదకొండు రోజుల్ల పడావు, సాగు అయ్యింది.
అబద్ధం ఎందుకు, నేనూ సంబురపడ్డ.
గుంటూరు మిరప ఏరను పోయే బస్సు ఎక్కకుండ
ఇంటి కాడనే కూలి.
పిలగాని ఫీజు కట్టిన. కుదువ పెట్టిన పట్టీలు ఇడిపించిన.
ఇప్పుడు గుట్ట దాకా ఒక్కటే పత్తి,
ఒక్కటే ఎత్తు.
మందు కొట్టిన నాడు ముక్కుకు కొంగు.
బావిల చేద రాయికి తగిలి మోగుతది.

మా దొడ్డి గుమ్మడి తీగెకు పూలు మస్తుగ పూస్తయి.
పిందెలు పండుబారి, మెత్తబడి రాలుతయి.
రెండేండ్లు చీడ అనుకున్న.
ఒకనాడు పిందెను కోసి చూస్తే
కడుపుల ఒక్క గింజ లేదు.
అయ్యో, దీనికి కూడ క్రాసింగ్ చెయ్యాల్నా?

అప్పటి సంది కోడి కూతకే లేచి
గుమ్మడికి నేనే చేస్తున్న.
కూలి లేదు. సూపర్వైజరు లేడు.

మొన్న మంగళారం
మగ పువ్వు పట్టుకొని వంగితే
ఆడపువ్వు లోపట ఏదో మసిలింది.
ఒక్కటే తేనెటీగ,
ఒళ్లంత పసుపు పూసుకొని, మంచుకు తడిసి,
ఎగరాల్నా వద్దా అన్నట్టు.
యాడికెళ్లి వచ్చిందో,
గుట్ట మీద మిగిలిన ఆ ఒక్క కలే పొదల నుంచో.
చేతిల పువ్వు కింద పెట్టి కూసున్న.
పొద్దెక్కేదాక అది దాని పని చేసుకుంది.
నా పనికి ఆలస్యమైంది.

హాజరు బుక్కుల నా పేరు ఎదురుగ
సూపర్వైజరు చిన్న గీత పెట్టిండు,
అంటే ఆ పూట నేను ఏమీ చెయ్యలేదని.